గరగరమనని లైను

"సార్, ఈ పాత ఫోన్లన్నీ పీకేసి ఇంటర్నెట్ ఫోన్లు పెట్టేద్దాం!" ధర్మవరం పట్టుచీరల షాపులో సౌమ్య గుక్కతిప్పుకోకుండా చెబుతోంది. ఫోన్ల కంపెనీలో కొత్తగా చేరిన ఆమెకు, ఇది కుదిరితే మొదటి ఆర్డరు.

అంతలో, నమూనాగా షాపు నెంబరుకే కలిపి చూపిస్తున్న కొత్త ఫోను మోగింది. ఓనరు చెన్నకేశవులు ఎత్తాడు. అవతల భార్య అనసూయమ్మ.

"ఇదో, పెనుకొండ నుంచి మా తమ్ముడొస్తాండాడు. నాలుగు మంచి చీరలు ఊరికే ఇచ్చి పంపు."

"హలో! గరగరమంటాంది... ఏం వినపడలా!" అలవాటుగా అరిచాడాయన.

"నాకు నీ నెత్తిమీద ఫ్యాను తిరిగేది గూడా వినపడతాంది."

చెన్నకేశవులు గబుక్కున ఫోను పెట్టేశాడు. "ఈ ఫోనొద్దు, ఏమొద్దు! తీసుకపోమ్మా!"

పాత లైను ఇన్నేళ్లు ఎందుకు బతికిందో సౌమ్యకు అప్పుడు అర్థమైంది.

"సార్, నొక్కితే గరగరమనే బటన్ పెట్టిస్తా."

"ముందే చెప్పాల గదమ్మా! నా ఫోనుకు మాత్రమే పెట్టు. మా హిందూపురం బ్రాంచోళ్లకు చెప్పొద్దు, నేను లెక్కలడిగితే నొక్కేస్తారు!"