మిరప మందు

"అన్నీ సింకులో పారబొయ్. ఈ పని ఇంతటితో ఆపేద్దాం," అన్నాడు ప్రొఫెసర్.

"పారబొయ్యను సార్," అంది పరిశోధకురాలు. ల్యాబులో కణాలు పెంచే గాజు డిష్‌ల ట్రేని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది.

అందులో ఉన్నవి మెదడు కణితి కణాలు. ఇచ్చినవాడు ఒక దర్జీ. ఆపరేషన్‌కి ముందు, "ఎలాగూ తీసేస్తారుగా తల్లీ, చెత్తలో వెయ్యకుండా నాలాంటి ఇంకొకరికి పనికొచ్చేలా చూడు," అన్నాడు. ఇప్పుడు ఆయన లేడు. ఆయన కణాల్లో మిగిలినవి ఈ ట్రేలోవే.

కారం తగిలితే కంటికీ నాలుకకీ మంట తెలిపే రిసెప్టర్ ఒకటుంది. అది ఈ కణాల మీదా ఉంది. మిరప నుంచి తీసిన మందుతో దాన్ని గట్టిగా తట్టిలేపితే కణితి చస్తుందని ఆమె నమ్మకం. నమ్మకం కూడా కాదు, పంతం.

"చచ్చిందా మరి?" ప్రొఫెసర్ గొంతు పెంచాడు. "మందు పోసిన డిష్‌లలో కణాలు నిక్షేపంగా ఉన్నాయి. పోల్చి చూడ్డానికి ఉత్త ఉప్పునీళ్ళు పోసినవేమో చస్తున్నాయి. ఉప్పునీళ్ళకి చావడమేంటి? నీ చేతుల్లోనే ఏదో మురికి ఉంది!"

"నా చేతులు శుభ్రంగానే ఉన్నాయి సార్. మూడుసార్లు చేశాను. నాలుగోసారీ చేస్తాను."

"మందు కలిపింది నేను. సీసాలకి చీటీలు అంటించింది నేను. ఇంక తప్పు చెయ్యడానికి నువ్వొక్కదానివే మిగిలావు!"

ఆమెకి ఏడుపొచ్చింది. అయినా ట్రే వదల్లేదు.

"సరే, మందే లేకపోతే ఎలా చేస్తావో నేనూ చూస్తా," అంటూ ఆయన 'మందు' అని చీటీ ఉన్న సీసా అందుకుని, విసురుగా సింకులోకి వంచాడు. అది చిమ్మి సూటిగా ఆయన కంట్లోనే పడింది.

"అయ్యో సార్!" ట్రే బల్ల మీద పెట్టేసి, ప్రొఫెసర్ అని కూడా చూడకుండా ఆయన మెడ పట్టుకుని కుళాయి కిందకి వంచింది. "నలపకండి! మామూలు కారం కాదది!"

"ఆగమ్మా, ఆగు." ఆయన తడి మొహంతో లేచాడు. కన్ను ఆర్పాడు. మళ్ళీ ఆర్పాడు. "మండటం లేదేంటి?"

ఇద్దరూ బల్ల వైపు తిరిగారు. రెండో సీసా అక్కడే ఉంది. 'ఉప్పునీళ్ళు' అని చీటీ, ఆయన గుండ్రటి చేతిరాతలో.

"సార్," అంది ఆమె, "అయితే దర్జీ గారి కణితి మూడుసార్లూ చచ్చింది."