పెళ్లి ఆపిన ఈల

"వాడెవడో తేలేదాకా నేను చర్చిలో అడుగు పెట్టను!"

పెళ్లికొడుకు ఎలాడియో చర్చి మెట్ల మీదే చతికిలబడ్డాడు. కొత్త కోటు నలిగిపోతోందని వాళ్లమ్మ మొత్తుకుంటోంది. గుమ్మంలో నిలబడి ఫాదర్ గడియారం చూసుకుంటున్నాడు. తెల్లగౌనులో పెళ్లికూతురు యురేనాకి ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొస్తున్నాయి.

లా గొమేరా దీవిలో ఈలే మాట. లోయ అవతలి మనిషిని పిలవాలన్నా, రేవుకి చేపలొచ్చాయని చెప్పాలన్నా వేలు మడిచి నోట్లో పెట్టుకోవాల్సిందే. అందుకే ఊళ్లో ఏదీ దాగదు. ఎలాడియో చేపల పడవెక్కి వెళ్లిన దగ్గర్నుంచీ, రోజూ తెల్లారేసరికి అరటితోటల వైపు నుంచి ఒక ఈల ఊరంతా వింటోంది.

"యురేనా, నా తేనే, కిటికీ తెరు!"

నిన్న పడవ దిగీదిగగానే ఆ కబురు ఎలాడియో చెవిన పడింది.

"పోయినేడంతా నేను పిలిచిన పిలుపది! నా మాటలే ఎత్తుకుపోయాడు, దొంగ వెధవ!"

"అచ్చం నీలాగే ఉంటేనే కదా కిటికీ తీశాను!" అంది యురేనా. "ఎవరు నువ్వని ఈలేసి అడిగితే చెప్పడు. మళ్లీ అదే పాట. వాన పడితే అసలు రాడు."

"ఆ రొట్టెల కొట్టు బసీలియోగాడే!"

"నాకు ఈల రాదురా నాయనా! వస్తే పెళ్లికి ఒప్పుకోమని నా పెళ్లాన్ని ఫోన్లో అన్నాళ్లు బతిమాలుకునేవాణ్నా?" అన్నాడు బసీలియో. జనం గొల్లుమన్నారు.

సరిగ్గా అప్పుడే ఈల మోగింది.

"యురేనా, నా తేనే, కిటికీ తెరు!"

ఎలాడియో దిగ్గున లేచాడు. ఊళ్లో ఈల వచ్చిన మగాళ్లంతా మెట్ల ముందే ఉన్నారు. ఒక్కడి వేలూ నోట్లో లేదు.

యురేనా తలెత్తి చూసింది. ముఖం విచ్చుకుంది.

"ఏదీ, నువ్వొకసారి నన్ను పిలు."

ఎలాడియో పిలిచాడు. చివర్లో, ఎప్పటిలాగే, విరిగిన ముందుపన్ను సందులోంచి గాలి జారి 'స్స్' మంది.

వెంటనే బదులొచ్చింది. అదే పిలుపు. చివర్లో అదే 'స్స్'.

యురేనా అతని గడ్డం పట్టుకుని గంటగోపురం వైపు తిప్పింది.

"పోయినేడంతా మా కిటికీ పక్క చెట్టు మీద కూర్చుని నీ దగ్గర పాఠం నేర్చుకున్న దొంగ అదుగో, ఆ పసుపు ముక్కు నల్లపిట్ట!"