ట్రాము మీద ఓళిగలు

“బండి చూసేదానికి వచ్చినారు సరే. ఆయనకు కండ్లు కనపడవు గదమ్మా?” అన్నాడు కాపలాదారు బొజ్జన్న.

ముసలాయన నాగప్ప వాకిట్లో కట్టె పట్టుకొని నిలబడి ఉన్నాడు. కోడలు మద్దమ్మ బొజ్జన్నను ఆయనకు వినపడనంత దూరం తీసుకుపోయింది.

“చేత్తో చూస్తాడన్నా. తడిమి చూడనీ.”

అది కడపలో ఒక రాళ్ల సాహుకారి కొట్టం. నాపరాళ్లు అమ్మి గడించిందంతా పాత బండ్ల మీద పోసిన మారాజు ఆయన. బద్వేలు దారిలో మొదట తిరిగిన గట్టి రబ్బరు చక్రాల బస్సు, యుద్ధం రోజుల్లో నడిచిన బొగ్గు బస్సు, వాటి పక్కన మద్రాసు నుంచి తెప్పించిన ముసలి ట్రాము. పట్టాలు లేని ఊళ్లో ట్రాము దేనికని ఊరంతా నవ్వింది. ఆ నవ్వినవాళ్లే పిల్లాజెల్లతో వచ్చి చూసిపోతున్నారు.

“నా మొగుడు మద్రాసులో ట్రాము తోలేటోడన్నా. ఈయనకు ఒక్కడే కొడుకు. ఉగాది ముందర విషజ్వరమొచ్చి పోయినాడు,” అంది మద్దమ్మ. “మామకు చెప్పలేదు. గుండె బలం లేదు, చెప్తే ఆ మాటతోనే పోతాడని వైద్యుడన్నాడు. కొడుకు ఇంకా ట్రాము తోల్తాండాడనే అనుకుంటాండాడు. నువ్వు నోరు జారొద్దు.”

బొజ్జన్న అప్పుడు ఆమెను సరిగా చూశాడు. నుదుట బొట్టు లేదు. రెండు చేతులకూ నిండుగా గాజులున్నాయి. అట్లాంటి చూపు మద్దమ్మకు కొత్త కాదు.

“కులపెద్దలు బొట్టు తుడిపించినారు. మామకు కండ్లు లేవు గాబట్టి సరిపోయింది. చెవులుండాయి గాబట్టి గాజులు మిగిలినాయి. ఆయనకు తెలిసిననాడు పగలగొడదామన్నారు.” గొంతు ఇంకా తగ్గించింది. “ఇవి గలగలమన్నప్పుడల్లా నా కడుపు మండతాదన్నా. ఎప్పుడు పోతాయా అని ఉండాది. తీసేస్తేనేమో ఆయన పాణం పోతాది. ఏం జేసేది?”

బండ్లకు కాపలా కాయడం తెలుసుగానీ మనిషిని ఓదార్చడం బొజ్జన్నకు రాదు. పోయి తలుపు తీశాడు.

మద్దమ్మ మామ దగ్గరికి వచ్చి, గాజులు ఒకసారి మోగించి, ఆయన చెయ్యి పట్టుకుంది.

“అమావాస్య పూట పయనమేంది మామా అంటే వినలేదన్నా. పూర్ణం పెట్టి ఓళిగలు చెయ్యమన్నాడు, చేసినా. మూట మోసుకొచ్చినాడే గానీ ఒకటన్నా నోట్లో పెట్టుకోలేదు. పొద్దున్నుంచి పస్తే.”

“ఆకలి లేదులే అమ్మీ,” అన్నాడు నాగప్ప.

ఇద్దరూ పట్టుకొని ఆయన్ను ట్రాము ఎక్కించారు. ముసలాయన బల్లలు తడిమాడు, కమ్మీలు తడిమాడు. ముందుకు పోయి, ఇత్తడి పిడి చేతికి తగలగానే ఆగిపోయాడు. బతుకంతా మగ్గం నేసిన వేళ్లు, అది అరిగిన చోటు వాటికి వెంటనే దొరికింది.

“ఈడనేనా మావోడు నిలబడేది?”

“ఈడనే పెద్దాయనా. కాలికింద గంట ఉండాది, తొక్కు.”

నాగప్ప తొక్కాడు. టంగుమంది. మళ్లీ తొక్కాడు. తర్వాత చుట్టూ చేత్తో వెతికాడు.

“కూర్చునేదానికి పీట లేదే.”

“నిలబడే తోలాల మామా. పండగ్గొచ్చినప్పుడు చెప్పినాడు గదా, కాళ్లు లాగుతాయని.”

“ఇప్పుడు కూర్చోనుంటాడులే.”

“ఆ, పొద్దెక్కింది గదా, సద్ది తింటాంటాడు,” అంది మద్దమ్మ గబగబా, గాజులు వెనక్కూ ముందుకూ జరుపుకుంటూ.

“మద్రాసులో ఈ పొద్దుకు విడుపిస్తారంట పెద్దాయనా,” అని బొజ్జన్న కూడా ఆ అబద్ధానికి ఒక చెయ్యి వేశాడు.

నాగప్ప తల ఊపాడు. “దప్పిగ్గా ఉండాదమ్మీ. రోన్ని నీళ్లు తెస్తావా?”

మద్దమ్మ చెంబు తీసుకొని కొట్టం వెనక బావికి పోయింది. గాజుల చప్పుడు దూరమయ్యేదాకా ముసలాయన చెవి ఒగ్గి నిలబడ్డాడు. ఆ తర్వాత మూట విప్పాడు.

“అప్పా, ఈ ఓళిగలు బండి పైన పెడతావా?”

“పైనెందుకు?”

“పెట్టప్పా, నీకు పున్నెముంటాది.”

ట్రాము ముందుభాగం చూరు దాటి ఎండలోకి వచ్చి ఉంది. బొజ్జన్న నిచ్చెన వేసుకొని ఎక్కి, ఆకు పరిచి ఓళిగలు పెట్టాడు. దిగుతుంటే గుర్తొచ్చింది, ఇవాళ పెద్దల అమావాస్య. తానూ పొద్దున ఇంటిమీద కాకికి పెట్టే వచ్చాడు.

“ఓహో, మీ పెద్దలకా?”

“మా చిన్నోనికి,” అన్నాడు నాగప్ప. “వాడు ఇంటికి రాడప్పా. బండికాడికే వస్తాడు.”

బొజ్జన్న చెయ్యి నిచ్చెన మీదే ఉండిపోయింది.

“కాకి ముట్టిందా?”

బొజ్జన్న తల ఎత్తి చూశాడు. నిజంగానే ఒకటి వాలింది. అటూ ఇటూ చూసి, ముక్క కరుచుకొని ఎగిరిపోయింది.

“ముట్టింది పెద్దాయనా.”

నాగప్ప ఇత్తడి పిడి మీద తల ఆనించాడు. ఒళ్లంతా కదిలిపోతోంది, చప్పుడు మాత్రం రానీయడం లేదు. బొజ్జన్నకు కూడా కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నీకెవురు చెప్పినారు?”

“ఎవురూ చెప్పలే. మగ్గం సప్పుడు మారితే పోగు తెగిందని తెలీదా? ముందు ఆ పిల్ల పని చేసుకుంటాంటే గాజులు వాటికవే మోగేవి. ఉగాది నుంచి నా మంచం కాడికొచ్చి మోగుతాండాయి.”

“తెలుసునని చెప్పరాదా పెద్దాయనా? ఇద్దరూ ఒకసారి ఏడ్చుకుంటారు. ఆ పిల్ల శానా...”

మిగతా మాట బొజ్జన్న నోట్లోనే ఉంది. బావి దిక్కు నుంచి గలగలమంటూ చప్పుడు దగ్గరికొస్తోంది. నాగప్ప పంచె అంచుతో మొహం తుడుచుకొని, బొజ్జన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“నాకు తెలిసిందంటే ఆ గాజులు పగలగొడతారప్పా.”