టర్బో బటన్

పసుపు పచ్చబడిన పాత కంప్యూటరు డబ్బా భోజనాల బల్ల మీద పొట్ట తెరుచుకుని ఉంది.

ఆడపడుచు లోపలికి టార్చి వేసి, సన్నటి పట్టకారుతో జంపరు ముక్కను ఒక జత పిన్నుల మీంచి తీసి పక్క జతకు తొడిగింది. గోరంత ముక్క. ప్రాసెసరు నడుస్తుందా, పరిగెడుతుందా అన్నది దాని చేతిలోనే ఉంది.

విడిభాగాల కోసం పాతసామాన్ల కొట్లన్నీ గాలించింది. ఆ కాలపు యంత్రాల్లో దీన్ని మించింది ఉండకూడదని పంతం.

"నేనెక్కడ కూర్చుని తినాలో అదీ చెప్పెయ్," అన్నాడు అన్నయ్య, కంచం చేత్తో పట్టుకుని.

"కంచం ఒళ్ళో పెట్టుకో."

వదిన కిటికీ పక్క కుర్చీలో ఉంది. కుడిచెయ్యి ఒళ్ళో, ఎవరో మరిచిపోయి వెళ్ళిన వస్తువులా పడి ఉంది. పక్షవాతం మాటనీ నడకనీ వదిలేసింది. అంతవరకు దయ.

వేళ్ళ కోసం డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతి సోఫా కింద ఉంది. దొర్లించింది వదినే.

ఈ ఇంటికి కొత్తగా వచ్చిన రోజుల్లో, అప్పటి ఇంటి కంప్యూటరు మీద పడవ ఆటలో వదిన ఈ ఆడపడుచును చిత్తుగా ఓడించేది. పుట్టినరోజున కూడా వదల్లేదు. ఏడిస్తే కళ్ళు తుడిచి, మళ్ళీ ఓడించేది.

"జాలిపడి గెలిపిస్తే నువ్వు గెలిచినట్టా?" అనేది.

డబ్బా బీప్‌మంది. తెర మీద నీలం నది, తెల్ల పడవ, బండరాళ్ళు.

"రా వదినా."

ఆడపడుచు ఆ కుడిచేతిని బాణం మీటల మీద పెట్టబోయింది. వదిన ఆమెను తోసేసి, తన ఎడమచేత్తో తానే ఎత్తి పెట్టుకుంది.

ఆట మొదలవగానే పడవ రాయికి కొట్టుకుని ముక్కలైంది. మళ్ళీ. మళ్ళీ. రెప్పపాటు కూడా పట్టడం లేదు.

ఆడపడుచు నాలుక కరుచుకుంది. ఆ ఆటలో యంత్రం ఎంత జోరుగా ఉంటే నది అంత జోరుగా పారుతుంది. ఇంత పాటుపడి, ఎవరూ దాటలేని నదిని తయారుచేసింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది," అంది వదిన.

ఆడపడుచు డబ్బా ముందున్న టర్బో బటన్ నొక్కింది. ఎర్ర దీపం ఆరింది. నది నెమ్మదించింది.

"మన పాతది ఇలాగే నడిచేది."

అది నిజమే. దానికీ వేళ్ళు అందలేదు.

వదిన స్నానానికి వెళ్ళాక, ఆడపడుచు నది ఇంకా నెమ్మదించేలా జంపర్లన్నీ వెనక్కి జరిపి, చప్పుడు కాకుండా మూత బిగించింది.

మర్నాడు పడవ మొదటి రాయిని తప్పించుకుంది. వదిన చూపుడువేలు మీట మీద వణికి, వణికి, దిగింది.

"ఏమే."

"ఊఁ."

"ఈ నది ఇంత బద్ధకంగా పారేది కాదు."

ఆడపడుచు బల్ల మీది మరమేకులు ఏరడం మొదలుపెట్టింది.

"జాలిపడ్డావు."

"నీ మీద జాలా? నన్ను ఏడిపించిన ఏడుపులు ఇంకా మర్చిపోలేదు."

వదిన చాలా రోజుల తర్వాత నవ్వింది.

"సరే. ఇక నేను చెప్పినప్పుడల్లా పెంచాలి. నాకు తెలియకుండా తగ్గించావో, ఆ బంతి దగ్గరికే పోతుంది ఇదీ."

ఆపైన ఇంట్లో అందరి భోజనాలూ ఒళ్ళోనే. వదిన ఊఁ అన్నప్పుడు మూత తెరవడం, ఒక జంపరు ముందుకి జరపడం, మూయడం. కొన్నిసార్లు పడవ రోజంతా ముక్కలయ్యేది. వదిన వేగం తగ్గించమనలేదు.

ఒక మధ్యాహ్నం పడవ రాళ్ళన్నీ దాటి ఒడ్డు చేరింది. అన్నయ్య కంచంతో అలాగే నిలబడిపోయాడు.

"మన పాతదాని వేగం ఇదే వదినా," అంది ఆడపడుచు. "ఇక చాలు. ఇక్కడితో ఆపుదాం."



వదిన కుడిచేతికి ఆసరాగా ఉంచిన ఎడమచేతిని తీసి ఒళ్ళో పెట్టుకుంది. కుడిచెయ్యి మీటల మీంచి లేచింది. బల్ల మీద కాసేపు ఆగింది. డబ్బా దాకా పాకింది.

ఎర్ర దీపం వెలిగింది.