చక్రం వెనక రాయి

ఉషారాణి పోయిన రోజునే రాయి కూడా పోయింది.

పుంగనూరు నుంచి మదనపల్లెకు వెళ్ళే దారిలో బండమిట్ట ఎక్కుతుంటే సగంలో ఒక ఇరుకు కల్వర్టు ఉంది. పైనుంచి ఏదైనా వస్తే కిందినుంచి వచ్చే బండి ఆగాలి. గంగాధర్ మాస్టారి పాత కారుకు హ్యాండ్‌బ్రేక్ పట్టదు. అక్కడ ఆగినప్పుడల్లా ఆయన భార్య ఉషారాణి దిగి, వెనక చక్రానికి రాయి అడ్డం పెట్టేది. ఆయన కారును పైకి లాగించి, మిట్ట మీద మైలురాయి దగ్గర ఆపి కాచుకునేవాడు. ఆమె రాయిని చంకన పెట్టుకుని నడిచివచ్చి ఎక్కేది. ఆయుధపూజ నాడు కారుకు పెట్టినట్టే ఆ రాయికీ బొట్టు పెట్టేది.

"ఒకనాడు మర్సిపోయి నన్నీడ్నే వదిలేసి పోతావులే అయ్యవారూ," అనేది, ఎక్కిన ప్రతిసారీ.

ఆ రోజు మాత్రం ఆ మాట అనలేదు. ఎక్కి కూర్చున్నాక చూస్తే చేతులు ఖాళీగా ఉన్నాయి.

"ఆయాసంగా ఉండాది. రాయి ఆడనే మర్సిపోతిని."

"పోనీలే, వచ్చేటప్పుడు తీసుకుందాం," అన్నాడాయన.

మదనపల్లె చేరేసరికి ఆమె తల ఆయన భుజం మీదికి వాలి ఉంది. ఎంత పిలిచినా లేవలేదు.

పది నెలలు గడిచాయి. 2019 వేసవిలో ఉషారాణి తమ్ముడు లోకేష్ కుప్పం నుంచి కొత్త కారులో దిగాడు. వస్తూనే మాస్టారి కారు చుట్టూ ఒకసారి తిరిగి, చక్రాన్ని కాలితో తన్నాడు.

"ఈ డబ్బాను ఇచ్చేసెయ్ బావా. మిట్టలో నిలబడితే రాయేసేదానికి ఎవరుండారు నీకు?"

"కారు జారడంల్యా లోకేషా."

"జారక యాడికి పోతాది? హ్యాండ్‌బ్రేక్ ఊగులాడతాండాది."

"నిజంగానే. ఈ పది నెలల్లో ఒక్కసారి కూడా జారల్యా. క్లచ్ బాగా అలవాటైనట్టుండాది."

"ఇరవై ఏండ్లు పట్టుబడని క్లచ్ ఇప్పుడు పట్టుబడిందా నీకు!" లోకేష్ నవ్వాడు. వెంటనే గొంతు తగ్గించాడు. "నువ్వు ఈ కారేసుకుని ఒంటరిగా తిరుగుతాండావని ఆడ అమ్మకు నిద్ర పట్టడంల్యా. అక్క ఎట్లాగూ పోయింది. నువ్వన్నా జాగర్తగా ఉండాల గదా. నా కారు తోలి సూడు. నచ్చితే ఇట్లాంటిదే మదనపల్లెలో మాట్లాడదాం."

మాస్టారు ఎదురు చెప్పలేదు. ఈ పది నెలల్లో ఆయన దేనికీ ఎదురు చెప్పడం లేదు. కొత్త కారు ఎక్కి స్టీరింగ్ పట్టుకున్నాడు. లోకేష్ పక్కన కూర్చున్నాడు.

బండమిట్ట సగం ఎక్కేసరికి కల్వర్టు మీదుగా గొర్రెల మంద దిగి వస్తూ కనిపించింది. మాస్టారు కారు ఆపాడు.

"మంచి చోటే ఆపినావు," లోకేష్ ముందుకు జరిగాడు. "క్లచ్ తొక్కిపెట్టి, బ్రేక్ మీద నుంచి కాలు తీసేయ్ బావా. భయపడొద్దు."

మాస్టారు కాసేపు తటపటాయించి కాలు తీశాడు. కారు కదలలేదు.

"సూసినావా! రెండు సెకన్లు కారే పట్టుకుంటాది. ఆలోగా మనం ఆక్సిలరేటర్ తొక్కి ఎల్లిపోవాల. అక్క చేసే పని ఇప్పుడు మిషన్..." అని నాలుక కరుచుకున్నాడు.

గొర్రెలు ఇంకా వస్తూనే ఉన్నాయి. కారుకు ఒరుసుకుంటూ వెనక్కి దిగిపోతున్నాయి. మాస్టారు బడిలో పరుగుపందెం పెట్టినప్పటిలా మనసులో అంకెలు లెక్కపెట్టుకున్నాడు. పది. ఇరవై. ముప్పై.

లోకేష్ ముఖంలో నవ్వు తగ్గింది.

"బావా, బ్రేక్ తొక్కినావా?"

"లేదు."

లోకేష్ వంగి చూశాడు. మాస్టారి కుడికాలు కింద మ్యాటు మీద ఉంది. హ్యాండ్‌బ్రేక్ దించే ఉంది.

"రెండు సెకన్లే బావా. ఈపాటికి జారాల."

కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి చూశాడు. వెనక చక్రం దాటగానే మంద రెండుగా చీలుతోంది. ఒక మనిషి గొంతుకూర్చున్నంత చోటు వదిలేసి, అవతల మళ్ళీ కలుస్తోంది. ఆ చోట ఉత్త తారురోడ్డు తప్ప ఏమీ లేదు. ఒక గొర్రెపిల్ల మాత్రం అక్కడే ఆగింది. ఎవరో చెయ్యి చాపినట్టు మెడ ఎత్తి, మూతి ముందుకు పెట్టి వాసన చూసింది.

"దోవలో ఏముండాదని అట్ల తప్పుకుంటాండారే? పాండి, పాండి!" గొర్రెలు కాసే రెడ్డెప్ప కర్ర ఆడిస్తూ అరిచాడు.

దారి ఖాళీ అయింది. మాస్టారు ఆక్సిలరేటర్ తొక్కాడు. కారు మెత్తగా పైకి కదిలింది. లోకేష్ అద్దం మొత్తం ఎక్కించేశాడు.

"బావా, అక్క రాయి పెట్టినాక... నువ్వు యాడ కాచుకుంటా ఉంటివి?"

"పైన. మైలురాయి కాడ."

ఆ మాట అంటుండగానే మైలురాయి ఎడమపక్క నుంచి వెనక్కి వెళ్ళిపోయింది.

"మరి, ఈ పది నెలలూ?"

మాస్టారు అద్దంలో వెనక్కి చూశాడు. ఈ పది నెలల్లో ఆయన ఆ మైలురాయి దగ్గర ఒక్కసారి కూడా కారు ఆపలేదు.