మొదటి పిడికిలి

“ఇంకా ఎంతసేపత్తా? వాన వచ్చేటట్ల ఉండాది. చల్లేద్దాం పా,” అంది ఆశ, ధనియాల చేట నడుమున పెట్టుకుని.

“ఆయప్పను రానీవే. మొదటి పిడికిలి ఆయప్ప చేత్తోనే పడాల,” అంది సొన్నమ్మ. చేతులు మడి అంచు సరిచేస్తున్నా చూపు మాత్రం వీధి మీదే ఉంది.

బెంగళూరు హూడిలో రెండు అపార్ట్‌మెంట్ల నడుమ మిగిలిపోయిన ఖాళీ సైటు అది. సొన్నమ్మ అందులో ఆకుకూరలు పండించి చుట్టుపక్కల ఫ్లాట్లకు అమ్ముతుంది. ఆశ ఆ ఇంటికి కొత్తకోడలు. వచ్చిననాటి నుంచీ ఆమెకు ఒకటే దిగులు. బంగారంలాంటి సైటు, ఓనరు ఏ పూట ఖాళీ చేయమంటాడో! అదే జరిగితే తనూ మొగుడూ హెబ్బగోడిలో గది చూసుకుని ఫ్యాక్టరీ షిఫ్టులకు పోవాల్సిందే.

స్కూటర్ వచ్చి ఆగింది. కొడుకు భుజం పట్టుకుని ఓనరు అశ్వత్థప్ప దిగాడు. సొన్నమ్మ పరుగున వెళ్ళి, నడుముకు దోపుకున్న తాళంచెవి తీసి గేటు తెరిచింది. ముసలాయన చెప్పులు గేటు దగ్గరే విడిచాడు. మట్టిలో కాలు పెట్టగానే వంగిన నడుము కాస్త నిటారైంది.

“లోపలికి రారా శ్రీనివాసా.”

“వద్దు నాయనా, బూట్లకు మట్టయితాది.” కొడుకు ఫోను చూసుకుంటూ బయటే నిలబడిపోయాడు.

పొగరు చూడు, అనుకుంది ఆశ.

అశ్వత్థప్ప మట్టి పిసికి చూసి, “ఎరువు చాల్లేదు కదే సొన్నీ,” అని గదమాయించాడు. ధనియాలు వేళ్ళ మధ్య నలిపి, “ఆ, ఇవి మాత్రం బాగా బద్దలు చేసినావు,” అని మెచ్చుకున్నాడు. తర్వాత ఎదుటి అపార్ట్‌మెంటు గోడకేసి చాలాసేపు చూశాడు.

“ఆ మూలనే బావి ఉన్నింది. ఎద్దులు కపిల లాగి నీళ్ళు తోడుతుంటే ఆ చప్పుడు ఊరంతా వినపడేది. కొత్తిమీర బండి కడితే సిటీ మార్కెట్టు దాకా వాసనే వాసన! సరుకు అమ్ముడుపోతే మా ఇంటామె బళేపేటలో గాజులు తొడిగించుకుంటే గాని బండెక్కేది కాదు.”

నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. సొన్నమ్మకూ కళ్ళు చెమర్చాయి. చిన్నప్పుడు అమ్మతో కూలికొచ్చి, ఆ బండిలో కొత్తిమీర కట్టల మీద నిద్రపోయిన పిల్ల ఆమె.

ఆశ ఇక ఉండబట్టలేకపోయింది. “ఈ పంట అయినాక మమ్మల్ని ఖాళీ చేయమంటారా తాతా?”

సొన్నమ్మ గతుక్కుమని చేతులు జోడించింది. “పిల్లది, తెలీక అడిగింది. ఇంకొక్క పంటకు అప్పణ ఇయ్యప్పా.”

“ఒకటేంది, ఎన్నన్నా ఏసుకోండి. భాగాల్లో దీన్ని వానికి రాసిచ్చినా. నేనుండేదాకా ఈడ ఇటుక పడగూడదని మాట తీసుకున్నా.” ముసలాయన గేటు వైపు గర్వంగా చూశాడు. “నా కొడుకు మాట తప్పేటోడు కాదు.”

తూర్పుకు తిరిగి, కళ్ళు మూసుకుని పిడికెడు ధనియాలు చల్లాడు. ఆశ గుండె మీద బరువు దిగిపోయింది. ఇంక గది వెతుక్కునే పని లేదు.

సొన్నమ్మ ఇచ్చిన మెంతికూర కట్టను అశ్వత్థప్ప రాజుగారు కప్పం అందుకున్నట్టు అందుకుని స్కూటరెక్కాడు. శ్రీనివాసప్ప మాత్రం తలెత్తలేదు. పోతూ పోతూ ఎందుకో సొన్నమ్మకు రెండు చేతులూ జోడించాడు.

“ఓనరు దేవుడత్తా!” అంది ఆశ. “ఆ కొడుక్కే ఎక్కడలేని పొగరు. సొంత నేలలో కాలు పెడితే బూట్లు కరిగిపోతాయా?”

సొన్నమ్మ గేటుకు తాళం వేసింది.

“నాయనకు చెప్పకుండా అమ్ముకున్న నేలలో కాలెట్ల పెడతాడే?”