కస్తూరి పడ్డ పూచీ

వాన వెలిసిన మర్నాడు మాణిక్యం అనే బాతు తన ఆరు పిల్లల్నీ వెంటబెట్టుకుని సముద్రపు ఒడ్డునున్న మడుగుకు ఈతకు వచ్చింది. నీళ్లు నల్లగా కనిపించాయి. ఊరి మురుగంతా వానకు ఇటే కొట్టుకొచ్చిందేమోనని దానికి అనుమానం. పిల్లలేమో "అమ్మా, దూకేద్దామా?" అని ఒకటే గోల.

ఆ నీళ్లలో మెడదాకా మునిగి ఒక గేదె పడుకుని ఉంది. దాని పేరు కస్తూరి. ఆ పేరు పెట్టినవాడికి ఆ రోజు జలుబు చేసి ఉంటుంది, అది వేరే సంగతి.

"నీళ్లెలా ఉన్నాయి వదినా?" అని అడిగింది మాణిక్యం.

"దివ్యంగా ఉన్నాయి! పొద్దున్నించీ లేవలేదంటే చూసుకో. దించు పిల్లల్ని, నాదీ పూచీ."

అంత పెద్ద మనిషి, కాదు, అంత పెద్ద గేదె పూచీ పడితే కాదనడమెలా? పిల్లలు అప్పుడే వరసకట్టాయి. మాణిక్యం ఒక కాలు నీళ్లవైపు వేస్తూ, మర్యాద కోసం పలకరించింది.

"మీ దూడేది వదినా, కనబడదే?"

"అదిగో, ఆ దిబ్బమీద నిలబెట్టా. ఈ నీళ్లలో దింపితే ఒళ్లంతా దద్దుర్లు రావూ? పసిది కదమ్మా!"

మాణిక్యం వేసిన కాలు వెనక్కి తీసుకుంది.

"అదేంటి వదినా, దించవా?" అంది కస్తూరి.

"మీ దూడకి తోడుంటాయిలే వదినా," అంటూ మాణిక్యం ఆరు పిల్లల్నీ దిబ్బ ఎక్కించింది.